నేను తప్ప అందరూ విన్న మాట

నవంబర్ 2, ఆదివారం

ఒళ్లు మండిపోతోంది. పొద్దుట్నుంచి ఇంట్లో రెండు గిన్నెలు విసిరికొట్టాను. కింద ఇంటి ఓనరు కొండమ్మగారు "ఏందమ్మా ఆ చప్పుడు?" అని కేకేశారు. పిల్లి అని చెప్పాను.

రేడియో నెట్‌లో ఈ రోజు నాకు జరిగిన మర్యాద రాసిపెట్టుకోవాలి. ప్రతి ఆదివారం పొద్దున హ్యాములం, అంటే ఇంట్లో సొంత రేడియో స్టేషన్ పెట్టుకున్నవాళ్లందరం, ఒకే ఫ్రీక్వెన్సీలో చేరి వరసగా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతాం. గురజాల నుంచి రహీమ్ బాబాయ్ నడిపిస్తారు. నా పేరు పిలిచారు. టాబ్లెట్లో బటన్ నొక్కాను. తీగ యాంటెన్నాని ఎంత ఎత్తున కడితే ఎటు పోతుందో వారమంతా లెక్క వేసుకున్నాను, అదంతా చెప్పి ఓవర్ అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. ఎవరో ఒకరు "బాగుంది మేడమ్" అంటారు కదా, అదీ లేదు. ఆఖరికి రహీమ్ బాబాయ్ గొంతు సవరించుకుని, "అమ్మా కుసుమా, నీ ఆడియో కాస్త చూసుకోమ్మా" అన్నారు.

నా ఆడియోకి ఏమైంది? మళ్లీ నొక్కాను. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా వివరంగా చెప్పాను. వదిలేసరికి ఆయన "థాంక్యూ అమ్మా, తర్వాతి స్టేషన్" అన్నారు. తర్వాతివాడు "నాదగ్గర విశేషాలేం లేవండీ" అని పారిపోయాడు. ఆ తర్వాతివాడూ అంతే. ఎప్పుడూ సాగి సాగి వదలని నెట్ టిఫిన్ వేళకి ముందే ముగిసింది.

నాకు తెలీదా ఎందుకో. మొగుడి దగ్గర లేని ఆడదాని మాట ఎవరికి కావాలి? ఇన్నాళ్లూ అక్కా అక్కా అన్నవాళ్లే. అందరూ మా ఆయన కోటిబాబు దోస్తులు. ఆ కోటిబాబుకి మోర్స్ కోడ్ నేర్పింది నేను. లైసెన్సు పరీక్షకి కూర్చోబెట్టి చదివించింది నేను. ఇవాళ వాళ్లకి నేను పరాయిదాన్నయ్యాను.

రేడియో నాది. యాంటెన్నా స్తంభం మాత్రం మాచర్లలో వాళ్ల డాబా మీద ఉంది. ఇక్కడ పేటలో మేడ మీద బట్టలారేసే తీగ తప్ప ఇంకో తీగ కట్టనివ్వరు కొండమ్మగారు, పిడుగు పడుతుందని. అందుకే రేడియో అక్కడ, నేను ఇక్కడ. అక్కడ లాప్‌టాప్‌కి రేడియో తగిలించి ఉంటుంది, ఇక్కడ టాబ్లెట్ మీద వేలు పెట్టి తిప్పితే అక్కడ డయల్ తిరుగుతుంది, ఇక్కడ మాట్లాడితే అక్కడి తీగ మీంచి పోతుంది. ఆదివారం పొద్దున రేడియో స్విచ్ మాత్రం కోటిబాబు వేస్తాడు. ఏడాది పైనుంచి మాకు మిగిలిన సంబంధం ఆ స్విచ్చే.

నాకు రేడియో ఒక్కటే కావాలి. మిగతాది వాళ్లనే ఉంచుకోమను.

నవంబర్ 3, సోమవారం

సత్తెనపల్లి వెంకట సాయికి ఫోన్ చేశాను. మొన్నటిదాకా నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాడు, లైసెన్సు వచ్చి ఆరు నెలలు కాలేదు.

"నిన్న ఎందుకు నోరు మూసుకున్నారు మీరంతా?"

"అది... ప్రోపగేషన్ బాలేదు మేడమ్."

"కడప వాళ్లు వినపడ్డారు, బళ్లారి వాళ్లు వినపడ్డారు. సత్తెనపల్లికి మాచర్ల వినపడలేదా?"

"వినపడ్డారు మేడమ్. మీరు కాదు." అని నాలిక కరుచుకున్నాడు. "మా అమ్మ పిలుస్తోంది మేడమ్" అని పెట్టేశాడు.

మీరు కాదు అంటే?

లాయర్ చందనగారు కూడా ఫోన్ చేశారు. కాగితాలు తయారయ్యాయట, పదిహేడో తారీఖున వచ్చి సంతకం పెట్టమన్నారు. ఇద్దరి ఇష్టం మీద విడిపోవడం కాబట్టి తొందరగా అయిపోతుందట. కోటిబాబు గారు కూడా పెడతానన్నారు అని చెప్పారు. "నోటితోనే అన్నాడా?" అని అడిగాను. ఆవిడ నవ్వారు. నేను నిజంగానే అడిగాను.

నవంబర్ 4, మంగళవారం

దొరికింది.

కాలేజీలో మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో టాబ్లెట్ తెరిచాను. రేడియో ఆగి ఉన్నా లాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి సెట్టింగులు చూడొచ్చు. ప్రసారానికి ఏ మైకు అన్నచోట నా టాబ్లెట్ మైకు ఉండాలి. లాప్‌టాప్ మైకు అని ఉంది. ఏ బ్యాటరీ కంపెనీ వాడితోనో వీడియో కాల్ మాట్లాడి మార్చేసి ఉంటాడు మహానుభావుడు. ఇన్వర్టర్ల షాపు కదా, వారానికో మీటింగు.

అంటే ఆదివారం నేను ఇక్కడ బటన్ నొక్కి అరిచిన అరుపులు ఈ గదిలోనే ఉండిపోయాయి. లైసెన్సుతో నాకిచ్చిన కాల్‌సైన్ మీద, నా రేడియో నుంచి బయటికి పోయింది ఆ గదిలో వాళ్లు మాట్లాడుకున్న మాటలు. ఇప్పుడు గుర్తొస్తోంది, నేను మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కూడా టాబ్లెట్లో ప్రసారం పవర్ చూపించే గీత ఊగుతూనే ఉంది. ఇంటర్నెట్ స్లోగా ఉందనుకున్నాను. బటన్ నొక్కి ఉన్నంతసేపు నాకేమీ వినపడదు. దేశమంతా వింటుంది, నేను వినను.

ఆదివారం పొద్దున ఆ గదిలో ఎవరుంటారో నాకు తెలీదా? ఫ్యాను కింద చాప వేసుకుని, చిక్కుడుకాయలో గోంగూరో ముందేసుకుని మా అత్త నాంచారమ్మ కూర్చుంటుంది. ఆవిడ మెల్లగా మాట్లాడితే వీధి చివర ఉన్న పాలవాడు పలుకుతాడు. ఎదురుగా కొడుకు. మాట్లాడుకోవడానికి వాళ్లకి నేను తప్ప ఏ విషయం ఉంది?

నా గురించి ఏమేం అందో! గొడ్రాలు అందా? కాపురం వదిలేసి ఉద్యోగం వెలగబెట్టడానికి పోయిందని అందా? అదంతా నా కాల్‌సైన్ మీద. నేనే బటన్ నొక్కి పట్టుకుని మరీ వినిపించాను.

నవంబర్ 5, బుధవారం

అందరూ విన్నారు. నేను తప్ప.

నవంబర్ 6, గురువారం

రహీమ్ బాబాయ్ ప్రతి నెట్‌నీ రికార్డు చేస్తారు, ఎవరెవరు వచ్చారో తర్వాత రాసుకోవడానికి. ఫోన్ చేసి, పోయిన ఆదివారంది పంపించండి అన్నాను.

"వద్దులేమ్మా."

"ఎందుకొద్దు? అంత చెడ్డగా ఉందా?"

"మంచీ చెడ్డా నేను చెప్పకూడదు. ఇంట్లో మాట గాల్లోకి వచ్చినంత మాత్రాన మాది అయిపోద్దా? మేమంతా ఇన్లేదనే అనుకున్నాం. నువ్వూ అట్టాగే అనుకోమ్మా."

"మీరు విని వినలేదనుకుంటున్నారు. నేను వినకుండా ఎలా అనుకునేది? నా కాల్‌సైన్ మీద పోయిన ప్రతి ముక్కకీ జవాబుదారీ నాదే. రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు? నేనేం మాట్లాడానో నాకు తెలీదని చెప్పనా?"

"ఆలోచించి చెప్తాలేమ్మా" అని పెట్టేశారాయన. ఆ మర్యాదే నన్ను చంపుతోంది. ఒక్కడన్నా నవ్వి ఉంటే, ఒక్కడన్నా ఎకసెక్కం ఆడి ఉంటే తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని. అందరూ పెద్దమనుషులైపోయారు.

రాత్రి మళ్లీ ఆయనే ఫోన్ చేశారు. "ఫోన్లో పంపను. శనివారం నీకు సెలవేగా, ఇంటికి రా. కూర్చుని విందువు గానీ. మీ పిన్ని కూడా చూడాలంటంది."

నవంబర్ 8, శనివారం

గురజాల వెళ్లొచ్చాను. బస్సులో తిరిగొచ్చేటప్పుడు పక్కన కూర్చున్నావిడ "ఏమ్మా, ఎవరన్నా పోయారా?" అని అడిగింది. లేదు, కళ్లలో దుమ్ము పడింది అన్నాను.

వెళ్లగానే పిన్ని టీ ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి, "మేం పెరట్లో ఉంటాం" అని వెళ్లిపోయింది. రహీమ్ బాబాయ్ హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చి ఆయనా వెళ్లారు. చెవులకి పెట్టుకున్నాను. నా చెంపలు అప్పటికే కాలిపోతున్నాయి. ఏమేం తిట్లు వస్తాయో అన్నింటికీ జవాబులు బస్సులోనే తయారు చేసుకున్నాను.

ముందు ఫ్యాను చప్పుడు. కుక్కరు విజిల్. తర్వాత నాంచారమ్మ.

"...ఏడాది దాటిపోయింది. ఏందిరా అంటే గోడ దిక్కు చూస్తావు. అది నిన్ను ఏమడిగిందిరా? బంగారం అడిగిందా, మేడలడిగిందా? పేటలో ఉద్యోగం వచ్చింది, పొమ్మంటావా వొద్దంటావా అనడిగింది. మూడు మాట్లు అడిగింది. నేనిక్కడే ఉండా, నా చెవులతో ఇన్నా. బెల్లం కొట్టిన రాయల్లే కూసున్నావు. పోయింది. పోక ఏం చేసిద్ది?"

అక్కడ నేను ఓవర్ అన్నానన్నమాట. కట్. గరగర. రహీమ్ బాబాయ్ గొంతు సవరించుకోవడం, అమ్మా కుసుమా, నీ ఆడియో. మళ్లీ నేను నొక్కాను.

"...పప్పులో ఉప్పు తక్కువైతే నోరు లేస్తది. ఆ పెట్టె ముందు కూసుంటే బళ్లారోడితో మాట్లాడతావు, మద్రాసోడితో మాట్లాడతావు, వాడి ఊళ్లో వాన పడిందో లేదో కనుక్కుంటావు. పెళ్లాంతో మాట్లాడ్డానికి మాత్రం నీకు నోరు రాదు. ఊళ్లో వాళ్లు అత్త ఎళ్లగొట్టిందంటన్నారు. నన్నంటన్నారు రా! నేను పడ్డా. ఇంక పడను. ఇయ్యాల తేల్చు. అది నీకు కావాలా వొద్దా? కావాలంటే ఇప్పుడే బండి తియ్యి, నేనూ వస్తా, గడ్డం పట్టుకుంటావో కాళ్లు పట్టుకుంటావో నీ ఇష్టం. వొద్దంటే వొద్దని చెప్పు, అది దాని దారి చూసుకుంటది. నోరు తెరువు. కోటీ, నీకు కుసుమ కావాలా, వొద్దా?"

కుర్చీ కిర్రుమంది. అతను ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినపడింది, మైకు అతనికి అంత దగ్గర.

కట్. నేను బటన్ వదిలేశాను.

మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఊపిరి పీల్చాడు. అంతవరకే ఉంది. ఆ తర్వాత రహీమ్ బాబాయ్ "థాంక్యూ అమ్మా, తర్వాతి స్టేషన్."

నా వేలు! తీగ ఎత్తు గురించి ఇంకో రెండు వాక్యాలు మాట్లాడి ఉంటే నా సొమ్మేం పోయేది? క్లాసులో గంట కొట్టినా ఆపనిదాన్ని, ఆ రోజే ముగించాలా? నా చేతికి వాత పెట్టాలి.

అత్త గురించి ఏం రాయాలో తెలీడం లేదు. ఏడాదిగా ఈ డైరీలో ఆవిణ్ణి తిట్టని పేజీ లేదు. కొడుకు నోరు నొక్కేసింది ఆవిడే అని నేను నమ్మాను. మా అమ్మకీ అదే చెప్పాను, చందనగారికీ అదే చెప్పాను. సిగ్గేసింది.

బయటికి వచ్చాక రహీమ్ బాబాయ్‌ని అడిగాను, ఆ తర్వాత ఏమన్నాడో మీకేమన్నా తెలుసా అని.

"నాకెట్టా తెలుసుద్దమ్మా? నువ్వు వదిలేశావుగా."

నవంబర్ 9, ఆదివారం

నెట్‌లోకి వెళ్లాను. వెళ్లే ముందు సెట్టింగు మార్చుదామని చూస్తే అది అప్పటికే సరిగ్గా ఉంది. నా టాబ్లెట్ మైకు. అతనే మార్చాడు. అంటే అతనికి తెలుసు. వారం నుంచి తెలుసు! ఒక్క మెసేజ్ పెట్టొచ్చుగా? కుసుమా, ఇట్లా జరిగింది, కంగారుపడకు అని? నేను వారం రోజులు ముళ్ల మీద ఉన్నాను. వేళ్లున్నాయి, ఫోనుంది, నా నంబరుంది.

అయినా మార్చాడు కదా. నా గొంతు బయటికి రావాలనే కదా మార్చింది.

నా వంతులో రెండే మాటలు మాట్లాడాను. అందరూ ఒకరి మీద ఒకరు పడి మరీ ఆడియో బ్రహ్మాండంగా ఉందన్నారు.

నవంబర్ 11, మంగళవారం

చందనగారు కాగితాలు వాట్సాప్‌లో పంపారు. చదవలేదు. జ్వరంగా ఉందని చెప్పాను.

అతను ఊపిరి పీల్చాడు. మాట్లాడబోయే మనిషే అలా ఊపిరి పీలుస్తాడు. మాట్లాడనివాడికి ఊపిరితో పనేముంది? పన్నెండేళ్లు కాపురం చేశాను, ఆ ఊపిరి నాకు తెలుసు. రేడియోలో బటన్ నొక్కబోయే ముందు కూడా అలాగే పీలుస్తాడు.

నవంబర్ 12, బుధవారం

కావాలి అని ఉంటాడు.

నవంబర్ 13, గురువారం

వొద్దు అనాలంటే ఏడాది క్రితమే అనొచ్చు. సంతకం పెడతానన్నాడంటే అది వాళ్ల లాయరు మాట, అతని మాట కాదు. కావాలి అనే ఉంటాడు. పెద్దగా అనడు, గొణుగుతాడు. "కావాల్లే అమ్మా" అని ఉంటాడు. లే చేరుస్తాడు.

మరి కావాలన్నవాడు బండి ఎందుకు తియ్యలేదు?

బండి రిపేరులో ఉందేమో. షాపు సీజను కూడా. ఛీ, ఏం రాస్తున్నాను నేను.

నవంబర్ 14, శుక్రవారం

ఆదివారానికల్లా కావాలని నీలం చీర ఇస్త్రీకి ఇచ్చాను. కాలేజీకి. ఆదివారం కాలేజీ ఉండదని ఇచ్చాక గుర్తొచ్చింది.

నవంబర్ 16, ఆదివారం

అన్నీ వరసగా రాయాలి. కోపంలో ఏదీ మర్చిపోకూడదు.

మొదటి బస్సుకే బయల్దేరాను. పిడుగురాళ్ల దాటాక తెల్లారింది. దారి పొడుగునా పత్తి తీసేవాళ్లు చేలల్లోకి దిగుతున్నారు. మాచర్లలో దిగి ఆటో ఎక్కితే ఆటో అతను "కోటిబాబు గారి మేడమ్ కదా, చానా రోజులైంది" అన్నాడు. అవునన్నాను. నాకు బాగానే అనిపించింది. అబద్ధం రాయను, చాలా బాగా అనిపించింది.

తలుపు తీసింది అత్తయ్య. నన్ను చూసి "రా" అని పక్కకి జరిగింది. వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్లేముందు కొడుకు వైపు చూసిన చూపు చూశాను.

కోటిబాబు రేడియో ముందే ఉన్నాడు. స్విచ్ వేసి పెట్టాడు, నేను పేట నుంచి కనెక్ట్ అవుతాననుకుని. నన్ను చూసి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి కుర్చీ ఇచ్చాడు. జుట్టు నెరిసింది. నేను కూర్చోలేదు.

"ఆ రోజు అత్తయ్య మిమ్మల్ని ఒక మాట అడిగింది. నేను బటన్ వదిలేశాను. మీరేమన్నారు?"

గోడ వైపు చూశాడు. నేను వదల్లేదు.

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు."

"ఏమీ అంటే?"

"లైటు ఎలుగుతా ఉంది గదా." రేడియో మీద ప్రసారం అవుతున్నప్పుడు వెలిగే ఎర్ర లైటు చూపించాడు. "అమ్మ మాట్లాడేకొద్దీ మీటరు కదులుతా ఉంది. గదిలో మాటలు గాల్లోకి పోతన్నాయని తెల్సిపోయింది. అందరూ ఇంటన్నారు. అందుకని మాట్లాళ్లేదు."

అంటే చూశాడు. వాళ్లమ్మ మా సంసారాన్నంతా బళ్లారి దాకా వినిపిస్తుంటే, ఎదురుగా కూర్చుని మీటరు చూస్తూ ఉన్నాడు.

"మరి స్విచ్ కట్టెయ్యొచ్చుగా! చెయ్యి చాపితే అందేంత దూరం!"

"నీ సెషన్ కదా, రేడియో నువ్వు నడుపుతా ఉన్నావు. ఒకళ్ల సెషన్లో ఇంకొకళ్లు చెయ్యి పెట్టకూడదు."

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. ఆ నవ్వుకి అతను కూడా కొంచెం నవ్వాడు, గొడవ తేలిపోయిందనుకున్నాడు కాబోలు. దాంతో నాకు తల తిరిగింది.

"నేను బటన్ వదిలాక లైటు ఆరిపోయింది కదా. అప్పుడేమన్నారు?"

మైకు వైరు చిక్కు తీయడం మొదలుపెట్టాడు.

"అప్పుడు ఎవరూ వినడం లేదు. మీ అమ్మ ఒక్కతే ఉంది. అప్పుడన్నా ఏదో ఒకటి అని ఉండాలి కదా?"

"మళ్లీ ఎలుగుద్దేమో అనుకున్నా."

వారం రోజులు. వారం రోజులు నేను ఈ మనిషి కోసం జవాబు రాసుకున్నాను. కావాలి అన్నాడా, కావాల్లే అన్నాడా, లే ఉందా లేదా అని. అతను లైటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"సరే. ఇప్పుడు లైటు వెలగడం లేదు. నేనే అడుగుతున్నా. నేను కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పు. కావాలంటే రేపు సంతకం పెట్టను. పేట నుంచి రోజూ తిరుగుతాను, లేదా నువ్వే అక్కడ షాపు పెట్టుకుందువు గానీ, ఏదో ఒకటి చూసుకుందాం. వద్దంటే వద్దని చెప్పు. నేను ఏడవను."

పన్నెండేళ్లలో అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

అతను ముందు రేడియో వైపు చూశాడు. లైటు నిజంగానే ఆరి ఉందా అని. నా కళ్లతో నేను చూశాను. తర్వాత ఊపిరి పీల్చాడు, రికార్డింగులో విన్న అదే ఊపిరి.

"అమ్మా," అన్నాడు, "కుసుమకి టీ పెట్టు."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "పెట్టను. ముందు దానికి జవాబు చెప్పు."

చెప్పలేదు. నేను ఆగాను. వంటింట్లో ఆవిడ ఆగింది. వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటా, వంకాయ అని అరుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి పోయాడు. అతను ఇంకా గోడ వైపే చూస్తున్నాడు.

రేడియో వెనక వైర్లు పట్టుకుని లాగాను.

"అట్టా లాగితే కనెక్టరు పాడవుద్ది," అన్నాడు వెంటనే. "ఉండు, నేను తీస్తా. ముందు పవర్ తియ్యాలి, తర్వాత యాంటెన్నా. పిన్ను వంగిపోతే మళ్లీ దొరకదు, గుంటూరు పోవాలి." చక్కగా తీశాడు. ప్రతి వైరుకీ ముడి వేశాడు, మైకుని విడిగా గుడ్డలో చుట్టాడు, ఎండలో పెట్టొద్దు, బస్సులో ఒళ్లో పెట్టుకో, ఇంజను పక్కన పెట్టొద్దు అన్నాడు. రేడియో గురించి ఎన్ని మాటలో! చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదని ఇప్పుడు బాధగా ఉంది.

అత్తయ్య తన పాత దుప్పటి తెచ్చి రేడియోని మూట కట్టి తనే చంకనెత్తుకుంది. "పద" అంది. బస్టాండు దాకా నడిచే వచ్చాం, మూట నాకివ్వమన్నా ఇవ్వలేదు. దారిలో ఒకటే అడిగింది.

"ఆ పొద్దు నా మాటలు ఎందాక ఇనపడినయ్యంట?"

"బళ్లారి, మద్రాసు, ఇంకా అవతల దాకా అత్తయ్యా."

"అంతమంది ఇన్నారా? ఇననీ. నేను తప్పు మాట్లాడలా."

బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నేను కన్నాను, నేను పెంచాను, నేనే ఏమీ చెయ్యలేకపోయా. నువ్వేం చేస్తావే? పోయి సుఖంగా ఉండు." ఆవిడ ఏడవలేదు. నేను ఏడవను అన్నది నేనే, పిడుగురాళ్ల దాకా ఏడుస్తూనే వచ్చాను. మూట ఒళ్లోనే పెట్టుకున్నాను. ఇంజను పక్కన పెట్టలేదు.

నవంబర్ 17, సోమవారం

సంతకం పెట్టాను.

నవంబర్ 20, గురువారం

కొండమ్మగారితో గొడవ. పిడుగు పడితే నా మీదే పడుతుంది, మీ మీద కాదు అన్నాను. బట్టలారేసే తీగకి పైన ఇంకో తీగ కట్టాను. గరగరలో సత్తెనపల్లి తప్ప ఏమీ వినపడలేదు. వెంకట సాయి "మేడమ్, ఇప్పుడు వినపడుతోంది మీరే" అన్నాడు.

నవంబర్ 28, శుక్రవారం

కోర్టు. మెట్ల మీద కోటిబాబు ముందే వచ్చి నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా. నన్ను చూసి తల ఊపాడు. నేను ఊపలేదు. అత్తయ్య రాలేదు. రానందట.

లోపలికి పిలిచారు. జడ్జిగారు ఆడమనిషి, తల ఎత్తకుండానే కాగితాలు తిప్పుతూ అడిగారు. "కోటిబాబు గారూ, ఈ పిటిషన్ మీ ఇష్టంతోనే వేశారా? ఎవరైనా బలవంతం చేశారా?"

"నా ఇష్టంతోనే మేడమ్. ఎవరూ బలవంతం చెయ్యలేదు."

వెంటనే చెప్పాడు. ఒక్క క్షణం ఆగలేదు. గోడ వైపు చూడలేదు. మాట తడబడలేదు, వెనక బెంచీలో ఉన్నవాళ్లకి కూడా వినపడింది. పన్నెండేళ్లు నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే రాని జవాబు, ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒక్కసారి అడిగితే వచ్చింది.

తర్వాత నా వైపు తిరిగి అదే ప్రశ్న అడిగారు. నాకు నోరు రాలేదు. చందనగారు మోచేత్తో పొడిచారు. జడ్జిగారు తల ఎత్తి నన్ను చూసి, రెండోసారి అడగాల్సి వచ్చింది.